క్రీతానుశయం

2017 మార్చిలో, పదవీ విరమణ చేసిన మరుసటి ఏడు, బెంగుళూరులో ఒక ల్యాప్‌టాప్ కొన్నాను. అనంతపురంలో దొరకక కాదు. అబ్బాయి ఆ ఊళ్ళో ఉద్యోగం చేస్తున్నాడు. "ఇక్కడైతే నాలుగు రకాలు చూసి తీసుకోవచ్చు, నాన్నా" అన్నాడు. నాకు దానితో ఉన్న పని ఒక్కటే. మా నాయనగారు వ్రాసిపెట్టుకొన్న సేద్యపు మాటల నోటుపుస్తకాన్ని టైపు చేయడం, ఊరూరా తిరిగి పెద్దలు చెప్పే మాటలను దానికి చేర్చడం.

తొమ్మిది నెలలు బాగానే నడిచింది. డిసెంబరులో ఒక ఉదయం తెర వెలగలేదు. ఏడాది వారంటీ ఉన్నది కదా అన్న ధీమాతో, సుమారు 210 కిలోమీటర్లు బస్సులో ఒడిలో పెట్టుకొని తీసుకువెళ్ళాను. సర్వీసు సెంటరు వారు హార్డ్ డిస్కు చెడిందని చెప్పి కొత్తది వేసి ఇచ్చారు. "అందులోని వ్రాతలో?" అని అడిగితే షరతుల కాగితంలో ఒక పంక్తి చూపించారు. లోపలి సమాచారానికి సంస్థ బాధ్యత వహించదట. నెల తిరిగేలోగా మళ్ళీ అదే చీకటి. ఈసారి మదర్‌బోర్డు అన్నారు; దాని మీద నీరు చేరిన గుర్తులున్నాయి గనుక వారంటీ వర్తించదన్నారు. ఏడాది సగటు వాన 550 మిల్లీమీటర్ల దగ్గర ఆగిపోయే సీమ నుంచి వెళ్ళినవాడితో నీరు చేరిందనడం వినడానికి చమత్కారంగానే ఉన్నది గాని, నాకు నవ్వు రాలేదు.

2018 జనవరిలో, ఆ రాత్రి తిరుగు బస్సులో, విద్వాన్ పరీక్షకు ఎప్పుడో చదువుకొన్న మాట ఒకటి జ్ఞాపకం వచ్చింది: క్రీతానుశయం. ధర్మశాస్త్రకారులు రాజు విచారించవలసిన తగవులను పద్దెనిమిది వ్యవహారపదాలుగా విభజించారు. అప్పు ఎగవేయడం, తనది కానిదాన్ని అమ్మడం, పొలం గట్ల తగవు వంటివి అవి. వాటిలో ఒకటి ఈ క్రీతానుశయం. క్రీతమంటే కొన్నది, అనుశయమంటే పశ్చాత్తాపం. సరకు కొని ఇంటికి తెచ్చుకొన్న తరువాత "ఎందుకు కొన్నానురా దేవుడా" అనుకొనేవాని గతి ఏమిటన్నది అక్కడి విచారణ. మనువు కొనుగోలును, అమ్మకాన్ని ఒకచోట చేర్చి, ఎటువైపువారైనా పది రోజులలోపు వస్తువును వెనక్కి ఇవ్వవచ్చు లేదా తీసుకోవచ్చు అన్నాడు. నారదుడు లెక్క కట్టి మరీ చెప్పాడు. కొన్న రోజే చెడకుండా తిరిగి ఇస్తే నష్టం లేదు. రెండవ రోజు ఇస్తే వెలలో ముప్పయ్యవ వంతు కోల్పోతాడు. మూడవ రోజు దానికి రెట్టింపు. ఆ తరువాత సరకు కొన్నవానిదే.

నాకు వీరందరికంటె యాజ్ఞవల్క్యుడు లోకజ్ఞుడనిపిస్తాడు. అన్ని సరకులకూ ఒకే గడువు పెట్టడం అన్యాయమని ఆయన గ్రహించాడు. ఇనుమును పరీక్షించుకోవడానికి ఒక్క రోజు, పాడి పశువుకు మూడు రోజులు, బరువు మోసే పశువుకు అయిదు, రత్నాలకు ఏడు, విత్తనాలకు పది రోజులు. పాడావు గుణం మూడు పూటలు పిండితే తెలుస్తుంది. ఎద్దు గుణం కాడి కట్టి నాలుగు చాళ్ళు తోలితే గాని తెలియదు. విత్తనానికి పది రోజులు మొలకెత్తడానికి పట్టే కాలాన్ని బట్టి పెట్టినవని నా ఊహ. మా వేరుశనగ, మేము బుడ్డలంటాము, పదునులో పడితే వారం పది రోజులలో మొలక చూపిస్తుంది. ఇదే పట్టికలో దాసికి నెల, దాసునికి పక్షం రోజులు అని కూడా ఉన్నది. మనుషులను సరకులలో కలిపి లెక్కించిన కాలమది. దానిని దాచిపెట్టి పాతకాలాన్ని పొగడడం నాకు చేతకాదు. కాని గడువును వస్తువు స్వభావాన్ని బట్టి నిర్ణయించాలన్న బుద్ధి మెచ్చదగినది. దోషమున్న సరకును దోషం లేనిదిగా అమ్మినవానికి వెలకు రెట్టింపు దండుగ అని కూడా ఆయనే విధించాడు.

ఈ స్మృతికి కల్యాణి చాళుక్య చక్రవర్తి ఆరవ విక్రమాదిత్యుని కాలంలో విజ్ఞానేశ్వరుడు మితాక్షర అనే వ్యాఖ్య వ్రాశాడు. దానిని పదమూడవ శతాబ్దిలో మూలఘటిక కేతన 'విజ్ఞానేశ్వరము' పేరుతో తెలుగు పద్యాలలోకి తెచ్చాడు. ఆయననే ఆంధ్రభాషాభూషణ కర్తగా, వ్యాకరణం చెప్పినవాడుగా పాఠాలలో చదివిస్తాము. న్యాయశాస్త్రాన్ని తెలుగువాని నోటికి అందించిన సంగతి పిల్లలకు చెప్పము. ముప్పయ్యేళ్ళ పైచిలుకు ఉద్యోగంలో నేనూ చెప్పలేదు.

శాస్త్రం ఇలా ఉండగా, సంతలో నడిచినది వేరు. ఎడ్ల సంతలో పైగుడ్డ కింద వేళ్ళు పట్టుకొని దళారి బేరం కుదిర్చేవాడు. పళ్ళు చూసి వయసు, నడక చూసి సత్తువ, సుడులు చూసి శకునం. చూసుకొనే బాధ్యత కొనేవానిదే. పలుపు చేతికి వచ్చాక ఎద్దు కుంటినా తన్నినా అది అతని కర్మ. అయితే ఆ కొనేవానికి చూసే విద్య ఉండేది. మా నాయనగారు ఎద్దును కొనే ముందు దాని చుట్టూ మూడుసార్లు తిరిగేవారు. నేను ల్యాప్‌టాప్ చుట్టూ ముప్పైసార్లు తిరిగినా ఏమి కనిపిస్తుంది?

ఆంగ్లేయుల చట్టం కూడా ఆ సంత నీతినే మూలసూత్రంగా తీసుకొన్నది. 1872 నాటి ఒప్పందాల చట్టంలో భాగంగా ఉన్న అమ్మకపు నియమాలు 1930లో వస్తు విక్రయ చట్టంగా వేరుపడ్డాయి. ఆ చట్టం నేటికీ అమలులో ఉన్నది. సరకు నాణ్యతకు అమ్మేవాడు, మాటగా చెప్పకపోయినా, పూచీ ఉన్నట్టేనని అనుకోవడానికి వీలులేదన్నది అందులోని సాధారణ నియమం. కొన్ని మినహాయింపులు ఉన్నాయి. అందులో నన్ను ఆశ్చర్యపరచిన విషయం మరొకటి. ఆ చట్టం షరతు వేరు, వారంటీ వేరు అంటుంది. షరతు ఒప్పందానికి ప్రాణం. దానిని అమ్మేవాడు తప్పితే సరకు తిప్పికొట్టవచ్చు. వారంటీ ప్రధాన ప్రయోజనానికి అనుబంధం. అది తప్పితే నష్టపరిహారం అడగవచ్చు గాని సరకును నిరాకరించే హక్కు లేదు. అంటే మనం పెట్టెలోనుంచి తీసి భద్రంగా దాచుకొనే కాగితం మీది మాట, చట్టం దృష్టిలో రెండింటిలో చిన్నది.

1986 డిసెంబరు 24న వినియోగదారుల రక్షణ చట్టానికి రాష్ట్రపతి ఆమోదం లభించింది. అంతకుముందు ఏడాది, 1985 ఏప్రిల్‌లో, ఐక్యరాజ్యసమితి సర్వసభ్యసభ ఈ విషయమై మార్గదర్శక సూత్రాలను ఆమోదించి ఉన్నది. కొత్త చట్టం ప్రతి జిల్లాకూ ఒక ఫోరం ఇచ్చింది. వకీలు లేకుండా ఎవరి ఫిర్యాదు వారే చెప్పుకోవచ్చు. సరకులో లోపం ఉన్నదని తేలితే బాగుచేయించడం, మార్చి ఇప్పించడం, వెల తిరిగి ఇప్పించడం, పరిహారం ఇప్పించడం ఫోరం చేతిలో ఉన్నవి. షరతా వారంటీయా అన్న తర్కంతో సామాన్యునికి పని లేకపోయింది.

కాని లోపం ఉన్నదని తేల్చేది ఎట్లా? పరీక్ష లేకుండా తెలియని లోపమైతే నమూనాను ప్రయోగశాలకు పంపాలని ఆ చట్టమే చెప్పింది. ఈ నియమం మొదట మెడకు చుట్టుకొన్నది పట్టణంలో యంత్రాలు కొన్నవానికి కాదు, మెట్ట సేద్యగానికి.

నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ నుంచి కొన్న విత్తనాల వలన పంట దెబ్బతిన్నదని మన రాష్ట్రపు రైతులు కొందరు ఫోరాలకు వెళ్ళారు. మాకు ఆనుకొని ఉన్న కర్నూలుతో పాటు మహబూబ్‌నగర్, గుంటూరు, ఖమ్మం, కాకినాడ ఫోరాలు వారి పక్షాన తీర్పులిచ్చాయి. సంస్థ పట్టు విడవక సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. విత్తనాలకు 1966 నాటి ప్రత్యేక చట్టం ఉండగా ఈ ఫోరాలకు అధికారమెక్కడిది? రైతు పంట అమ్ముకొంటాడు గనుక అతనిది వ్యాపారం, అతడు వినియోగదారుడు ఎట్లా అవుతాడు? ఒప్పందంలో మధ్యవర్తిత్వం ఉండగా ఇక్కడికెందుకు వచ్చాడు? అన్నిటికంటె బలమైన ప్రశ్న: విత్తనాన్ని ప్రయోగశాలలో పరీక్షించకుండా లోపమున్నదని ఎట్లా అన్నారు?

ఆ చివరి ప్రశ్న ఎంత క్రూరమైనదో సేద్యం తెలిసినవానికే అర్థమవుతుంది. తొలకరి పదును రెండు మూడు రోజులు నిలిస్తే గొప్ప. ఆ పదునులో ఉన్న విత్తనమంతా నేలకు పోవాలి. జాగ్రత్త గలవాడు ముందుగా నూరు గింజలు తడి గోనెలో చుట్టి ఎన్ని మొలకలు వచ్చాయో చూసుకొంటాడు, అంతే. రేపు తగవు వస్తుందని గుప్పెడు గింజలకు సీలు వేసి అటక మీద పెట్టే రైతును నేను ఎరుగను. సరకు మంటిలో కలిసింది. సాక్ష్యం కూడా దానితోనే కలిసింది.

2012 జనవరి 16న సుప్రీంకోర్టు సంస్థ వాదాలన్నిటినీ త్రోసివేసింది. పరీక్ష కోసం కొంత విత్తనం అట్టేపెట్టుకొంటాడని రైతు నుంచి ఆశించరాదని, అతడు కొన్నదంతా విత్తివేస్తాడని, నమూనా కావాలనుకొంటే అదే రాశిలోనిది సంస్థ చేతనే తెప్పించవచ్చునని చెప్పింది. కొన్ని ఫోరాలు న్యాయవాది కమిషనరును, వ్యవసాయాధికారిని చేను మీదికి పంపించి వ్రాయించుకొన్న నివేదికలు సాక్ష్యంగా నిలబడ్డాయి. చేను చూసి విత్తనం గుణం చెప్పడం మా పెద్దలకు తెలిసిన పద్ధతే.

ల్యాప్‌టాప్ విషయంలో పరిస్థితి తలక్రిందులు. వస్తువు ఉన్నది, సాక్ష్యం ఉన్నది; కాని ఆ వస్తువు ఎదుటివాని బల్ల మీద ఉన్నది. విప్పి చూసేది వారే, నీరు చేరిందని చెప్పేదీ వారే. కంటికి కనబడని లోపం ఎంత లోతున ఉంటుందో 2006లో లోకం చూసింది. ఆ ఆగస్టులో డెల్ సంస్థ 41 లక్షల ల్యాప్‌టాప్ బ్యాటరీలను వెనక్కి పిలిచింది. ఆపిల్ సంస్థ మరో 18 లక్షలు. సోనీ తయారుచేసిన ఆ బ్యాటరీల గుళికలలో కలిసిన అతిసూక్ష్మమైన లోహపు నలుసులు వాటిని వేడెక్కించి మంటలు పుట్టించగలవని తేలింది. కొన్నవాడు భూతద్దం పెట్టి వెదికినా దొరికే నలుసులు కావవి. తయారుచేసినవాడు తానై ఒప్పుకొంటే తప్ప, లేదా నాలాంటి వందల మంది ఒకేచోట మొర పెట్టుకొంటే తప్ప, అది బయటపడదు.

అటువంటిచోట కొన్నవాని చేతిలో మిగిలే ఆధారం జాబ్ కార్డు ఒక్కటే. మొదటిసారి వెళ్ళినప్పుడు యంత్రం ఏ స్థితిలో ఉన్నదో వారే వ్రాసి సంతకం చేసి ఇచ్చిన కాగితమది. నా డిసెంబరు కాగితంలో నీటి ప్రసక్తి లేదు. జనవరి కాగితంలో ఉన్నది. మధ్యలో యంత్రాన్ని విప్పినవారు వారే.

ఆ రెండు కాగితాలు పట్టుకొని అనంతపురంలో ఒక వకీలు మిత్రుని దగ్గరకు వెళ్ళాను. ఆయన శ్రద్ధగా చదివి, "మాస్టారూ, కేసు బాగుంది, ఊరు బాగాలేదు" అన్నారు. 1986 చట్టం ప్రకారం ఎదుటి పక్షం ఉన్నచోటగాని, వివాదకారణం పుట్టినచోటగాని ఫిర్యాదు చేయాలి. కొన్నది బెంగుళూరు, చూపించినది బెంగుళూరు, కాదన్నది బెంగుళూరు. ఇక్కడ వేస్తే ఊరి పరిధి మీదనే ఏడాది వాదించవలసి వస్తుందన్నారు. అక్కడ వేస్తే వాయిదా వాయిదాకూ బస్సు. ల్యాప్‌టాప్ వెల కంటె బస్సు చార్జీలు ఎక్కువయ్యే లెక్క కనబడి, ఊరకున్నాను. ఊరకున్నందుకు ఇప్పటికీ నా మీద నాకు కోపమే.

2019లో పార్లమెంటు పాత చట్టాన్ని తీసివేసి కొత్తది చేసింది. అది 2020 జూలై 20 నుంచి అమలులోకి వచ్చింది. ఫోరం పేరు కమిషన్ అయింది. పత్రికలు కొత్త జరిమానాల గురించి విరివిగా వ్రాశాయి గాని, నా కన్ను ఒక చిన్న ఉపవిభాగం మీద ఆగింది. ఫిర్యాదుదారు తాను నివసించే చోట, లేదా పనిచేసుకొనే చోట ఫిర్యాదు చేయవచ్చు. అంతే. ఆ ఒక్క వాక్యంతో బెంగుళూరు అనంతపురానికి రావలసి వచ్చింది. అయిదు లక్షల లోపు వెల గల సరకుకు రుసుము కూడా లేదు. 2020 సెప్టెంబరు నుంచి ఈ-దాఖిల్ ద్వారా ఇంటినుంచే దాఖలు చేసే వీలు మొదలైంది. 2025 జనవరిలో ఈ-జాగృతి వచ్చింది. ఫిర్యాదుకు గడువు, పాత చట్టంలో వలెనే, రెండేళ్ళు. నాకు కాదన్నది 2018 జనవరి. రెండేళ్ళు నిండినది 2020 జనవరి. ఆరు నెలల తేడా.

చట్టం దగ్గరికి వచ్చింది, నిజమే. కాని ఒకవేళ నేను గెలిచినా ఏమి గెలిచేవాణ్ణి? వెల, వడ్డీ, మనోవేదనకు కొంత పరిహారం. నోటుపుస్తకం ఉన్నది గనుక మా నాయనగారి మాటలను మళ్ళీ టైపు చేయగలిగాను. ఊళ్ళలో కూర్చొని నేరుగా యంత్రంలోకి ఎక్కించిన మాటలకు మాత్రం వేరే ప్రతి లేదు. పెట్టుకోలేదా అని చదువరులు అడుగుతారు. పెట్టుకోలేదు, అది నా తప్పే. అందులో ఒక ముసలి దళారి చెప్పిన ఎడ్ల సుడుల పేర్లు అరవై పైచిలుకు ఉండేవి. ఏ సుడి ఎక్కడ ఉంటే ఏమంటారు, దేనికి వెల తగ్గుతుంది, దేనిని చూసి బేరం వదులుకొని వెళ్ళిపోతారు, అన్నీ వివరంగా చెప్పాడు. రెండు పూటలు చెప్పి, "సామీ, ఇంక మా ఇంట్లో ఎవరికీ ఇవి అక్కర్లేదు, నువ్వన్నా రాసుకో" అన్నాడు. హార్డ్ డిస్కు మార్చి తెచ్చుకొన్న తరువాత మళ్ళీ ఆయన ఊరికి వెళ్ళాను. ఆ సంక్రాంతికి ముందే పోయాడట.

నాకు గుర్తున్నవి పదకొండు. మీ ఊళ్ళలో ఎద్దులను ఎరిగిన పెద్దలెవరైనా ఉంటే, సుడుల పేర్లు అడిగి, ఏ ఊరి వాడుకయో కూడా చేర్చి వ్రాయగలరని కోరుతున్నాను.