‘బయట’ ఎవరిది? – ఆర్మూరు చాయ్ హోటల్, బీడీ, మా అమ్మ

మొన్న ఫిబ్రవరిలో, పసుపు ఉడకబెట్టి ఎండబోసే రోజుల్లో, ఆర్మూరులో మా వాడ మలుపు మీది చాయ్ హోటల్ ముందు ఒక అట్టముక్క వేలాడింది. లోపల పొగ తాగరాదన్న రేకు బోర్డు అక్కడ ఏళ్ళుగా ఉంది. దానితో ఎవరికీ పేచీ రాలేదు. లోపల ఉన్నవి నాలుగు బల్లలు, తాగేవాళ్ళంతా కూర్చునేది బయట చింతచెట్టు కింద. ఈ కొత్త అట్టముక్క ఆ బయటి బల్లల గురించి. హోటలాయనకు ఉబ్బసం. పొయ్యి పొగ, గిరాకీల పొగ రెండూ పడవని డాక్టరు చెప్పాడట. పొయ్యి ఆర్పితే హోటల్ లేదు కనుక రెండోది ఆపాలనుకున్నాడు. ఎనిమిదో తరగతి చదివే కూతురితో స్కెచ్ పెన్నుతో రాయించాడు.

అది కట్టిన మూడో రోజో నాలుగో రోజో నేనక్కడ కూర్చుని ఉన్నాను. (ఒక ఆడమనిషి ఒక్కతే బయటి బల్ల మీద కూర్చుని చాయ్ తాగడం ఆ మలుపులో ఇప్పటికీ నలుగురూ తిరిగి చూసే విషయమే. దాని సంగతి తర్వాత చెప్తాను.) నిజామాబాద్ యార్డుకు పసుపు తోలి వచ్చి కొమ్ముకు ఎంత పలికింది, మండకు ఎంత పలికింది అని లెక్కలు చెప్పుకుంటున్న రైతులు, మామిడిపల్లి చౌరస్తా ఆటోల వాళ్ళు, ఇద్దరు ముగ్గురు కుర్రాళ్ళు ఉన్నారు. అట్టముక్క చదివిన ప్రతివాళ్ళూ ఏదో ఒకటి అన్నారు. “ఆకాశం కింద గూడ తాగొద్దంటే యాడికి వోవాలె?” అన్నాడొకాయన. “గాలికి వోయే పొగ, నీకేం అడ్డమొచ్చింది సేటూ?” అన్నాడింకొకాయన. ఒక కుర్రాడు గ్లాసు పట్టుకుని రోడ్డు దాటి, కరెంటు స్తంభం పక్కన నిలబడి సిగరెట్ కాల్చుకుని, గ్లాసు తెచ్చి ఇచ్చి పోయాడు. అతని నిరసన అంతే. ఒక పెద్దాయన మాత్రం వెలిగించని బీడీని వేళ్ళ మధ్య తిప్పుతూ నావైపు చూసి అడిగాడు: “మేం తాగుడు బంద్ జేస్తే మీ ఆడోళ్ళ చేతులకు పనేడిది బిడ్డా?”

నేనెవరి బిడ్డనో ఆయనకు తెలుసు. మా అమ్మ నలభై ఏళ్ళు బీడీలు చేసింది. బీడీ కార్మికుల పిల్లలకిచ్చే స్కాలర్‌షిప్పుతో నేను బడి చదువు చదివాను. సాహిత్యంలో డాక్టరేట్ ఉన్నా ఆ మాటకు అప్పటికప్పుడు జవాబు దొరకలేదు. చాయ్ చల్లారిపోయింది.

ఇంటికొచ్చి ముందు చట్టం తీసి చదివాను. 2003లో పార్లమెంటు చేసిన సిగరెట్లు, ఇతర పొగాకు ఉత్పత్తుల చట్టం బహిరంగ స్థలాల్లో పొగ తాగడాన్ని నిషేధించింది. బహిరంగ స్థలమంటే ఏమిటో చెప్పేచోట ఆసుపత్రి, కోర్టు, గ్రంథాలయం, విద్యాసంస్థ, రెస్టారెంటు అన్నీ చెప్పి, చివర ఒక తోక తగిలించారు: ఆరుబయలు ఇందులోకి రాదు. తర్వాత వచ్చిన నియమాలు ఆ తోకను కొంత కత్తిరించాయి. స్టేడియం, రైల్వే స్టేషన్, బస్టాపు లాంటి జనం వచ్చే చోట్లు ఆరుబయలు కింద లెక్కకు రావన్నాయి. 2008 అక్టోబర్ 2న, గాంధీ జయంతి నాడు అమలులోకి వచ్చిన నియమాలు రెస్టారెంటు అనే మాటలో కాఫీ హౌస్‌నీ క్యాంటీన్‌నీ కూడా కలిపాయి. ముప్పై మందికి పైగా కూర్చునే పెద్ద హోటలైతే పొగరాయుళ్ళకు విడిగా చోటు పెట్టుకోవచ్చు. ఆష్‌ట్రే, అగ్గిపెట్టె, లైటర్ మాత్రం ఇవ్వకూడదు. జరిమానా 200 రూపాయల దాకా. ఆ ఏడు మా మలుపులో నేను చూసిన మార్పు ఒక్కటే. పాన్ డబ్బా గుంజకు నిప్పంటించి వేలాడదీసే కొబ్బరితాడు కొన్నాళ్ళు కనపడకుండా పోయి మళ్ళీ వచ్చింది.

చింతచెట్టు కింది బల్ల చట్టం ప్రకారం లోపలిదా బయటిదా అన్నది వకీళ్ళు తేల్చాలి. నన్ను పట్టుకున్నది ‘బయట’ అనే మాట. గిరాకీలంతా దాన్ని ఒక హక్కులా పలికారు. అమెరికాలో స్టార్‌బక్స్ 2013 జూన్ 1 నుంచి తన కాఫీ షాపుల చుట్టూ 25 అడుగుల దాకా, బయటి కుర్చీల దగ్గర కూడా, పొగ వద్దన్నప్పుడు వచ్చిన ప్రశ్న కూడా ఇదే. గోడ అవతల ఉన్న గాలి మీద నీకేం అధికారం? బయట ఎవరిదీ కాదు, కాబట్టి అందరిదీ అని ఈ వాదం నమ్ముతుంది. మన హోటళ్ళ చరిత్రలో అలాంటి బయట ఎన్నడైనా ఉందా?

మద్రాసు రాష్ట్రంలో కాఫీ హోటళ్ళు మొదలైన రోజుల్లో బ్రాహ్మలకు విడి గదులు ఉండేవి. తెలుగు పల్లెల్లో రెండు గ్లాసుల పద్ధతి అంతకన్నా చాలా కాలం బతికింది. దళితులు హోటల్ గడప తొక్కకుండా బయటే నిలబడి, తమకని వేరుగా పెట్టిన గ్లాసులో చాయ్ తాగి, దాన్ని తామే కడిగి పెట్టి పోవాలి. అక్కడ బయట అంటే శిక్ష. లోపలికి రావద్దని చెప్పడానికి ఆ చోటును వాడారు. ఇప్పుడు అదే చోటు పొగ తాగే మగవాడి స్వేచ్ఛగా మారి, దాన్ని తీసేస్తే అన్యాయమని అనిపిస్తోంది. ఆ పూట బల్ల మీద కూర్చుని కోప్పడిన వాళ్ళలో తమ తండ్రులు ఎక్కడ నిలబడి చాయ్ తాగారో గుర్తున్నవాళ్ళు లేకపోలేదు. వాళ్ళ కోపం నాకు పూర్తిగా పరాయిదిగా అనిపించకపోవడానికి అదొక కారణం.

ఆడవాళ్ళకైతే బయటా లేదు, లోపలా లేదు. నాకు ఏడెనిమిదేళ్ళప్పుడు మా అమ్మ స్టీలు డబ్బా ఇచ్చి చాయ్ తెమ్మని ఈ హోటల్‌కే పంపేది. పసుపు కొమ్ములు విరిచే కూలీలు ఇంటికొచ్చిన రోజు రెండు డబ్బాలు. ఆ బల్లల మధ్య, మోకాళ్ళ ఎత్తులో, పొగలో నిలబడి నా వంతు కోసం చూసేదాన్ని. వాళ్ళ రాజకీయాలు, సినిమాలు, వానల లెక్కలు అన్నీ నాకు అక్కడే తెలిశాయి. పెద్దమనిషినైన ఏడాది ఆ డబ్బా తమ్ముడి చేతికి పోయింది. తిరిగి ఆ బల్ల మీద కూర్చోవడానికి నాకు ఇరవై ఏళ్ళు పట్టింది, అదీ పట్నంలో ఉద్యోగం చేసే మేడమ్‌గా. మా అమ్మ ఏనాడూ కూర్చోలేదు.

తెలుగు సాహిత్యంలో పొగకు మగవాడి చదువుతో, మాటకారితనంతో పాత స్నేహం. ‘కన్యాశుల్కం’లో గిరీశం దగ్గర వెంకటేశం నేర్చుకున్న మొదటి ఆధునిక విద్య చుట్ట కాల్చడమే. అదే ఉత్తరాంధ్ర తీరంలో ఆడవాళ్ళు చుట్ట వెలిగిన కొసను నోట్లో పెట్టుకుని తాగే అడ్డపొగ మాత్రం మన పేజీల్లో పెద్దగా కనపడదు. దాన్ని పట్టించుకుని చూసింది అంగిలి పరీక్షించడానికి వచ్చిన దంతవైద్యులు. 10,169 మంది గ్రామస్తుల నోళ్ళు చూసి పిండ్‌బోర్గ్ బృందం 1971లో అచ్చువేసిన అధ్యయనం అలాంటిది. అడ్డపొగ తాగేవాళ్ళలో మగవాళ్ళకన్నా ఆడవాళ్ళే ఎక్కువ. మా అమ్మమ్మ కూడా చుట్ట తాగేది. పెరట్లో, గొడ్లపాక వెనకాల. ఆమె పొగ ఏ హోటల్ గిరాకీకీ అడ్డం రాలేదు.

ఇక బీడీ. నిజామాబాద్ జిల్లా అంటే బయటివాళ్ళకు పసుపు, ఎర్రజొన్న గుర్తొస్తాయి. మా ఇళ్ళలో చాట గుర్తొస్తుంది. పొద్దున్నే తునికాకు కట్ట నానబెట్టి, మెత్తబడ్డాక కత్తెరతో కొలతకు కోసి, చాట ఒళ్ళో పెట్టుకుని, చిటికెడు తంబాకు పోసి చుట్టి, మూతి మడిచి, దారం కట్టాలి. ఇరవై అయిదింటికి ఒక కట్ట. వెయ్యి చేసేసరికి దీపాలు పెడతారు. కార్ఖానాలో సరిగా లేవని ఏరి పారేసిన వాటికి కూలీ లేదు, ఆ పారేసిన బీడీలు ఎక్కడికి పోతాయో ఎవరూ అడగరు. ఆకు తక్కువ ఇచ్చి బీడీల లెక్క తగ్గొద్దంటే మిగతా ఆకు మా డబ్బుతో కొనుక్కోవాలి. పెళ్ళిచూపుల్లో పిల్లకు బీడీలొచ్చా, పీఎఫ్ ఉందా అని అడిగేవాళ్ళు. తంబాకు దుమ్ము అన్నం గిన్నెల మీద, పసిపిల్లల ఉయ్యాల మీద, నా నోటు పుస్తకాల మీద ఉండేది. మా అమ్మ దగ్గు విని మేం టైము చెప్పగలిగేవాళ్ళం.

ఆ ఇల్లు చట్టం దృష్టిలో ఏమిటి? 1966 బీడీ, సిగార్ కార్మికుల చట్టం యజమాని ఇచ్చిన ముడిసరుకుతో ఇంట్లో బీడీలు చేసే మనిషిని కార్మికురాలిగా గుర్తించింది. అది చిన్న విజయం కాదు. (తర్వాత దాన్ని 2020 నాటి వృత్తి భద్రత కోడ్‌లో కలిపేశారు.) 2008 నియమాలు పని స్థలాన్ని కూడా బహిరంగ స్థలంలో చేర్చాయి. రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివితే ఒక వింత కనిపిస్తుంది. కాల్చిన పొగాకుకు ఇన్ని గీతలు గీశారు: లోపల, బయట, ముప్పై కుర్చీలు, బస్టాపు. కాల్చని పొగాకు రోజంతా లేచే గదికి గీత లేదు. గీతలన్నీ గిరాకీ ముక్కు చుట్టూ గీసినవి, కొనేవాడిదో, అతని పక్కన కూర్చున్నవాడిదో. పొగ నిషేధానికి నేను వ్యతిరేకిని కాను, ఆ హోటలాయన ఊపిరి నాకు ముఖ్యం. కానీ బీడీ చరిత్ర దాన్ని వెలిగించిన క్షణం నుంచే మొదలైనట్టు రాయడం ఎవరికి అనుకూలమో చూడాలి కదా.

పెద్దాయన ప్రశ్న దగ్గరికి వస్తాను. ఆ ప్రశ్న ఆయనది కాదు, చాలా పెద్ద నోళ్ళు దాన్ని ముందే పలికాయి. ప్యాకెట్ల మీద భయపెట్టే బొమ్మ వేయాలని 2006లో నియమాలు వచ్చినప్పుడు పుర్రె గుర్తు కూడా ఉంది. బీడీ కార్మికుల బతుకు పోతుందన్న వాదన గట్టిగా వినిపించింది. పుర్రె పోయింది, బొమ్మలు 2009 మే 31 దాకా రాలేదు. బొమ్మ ప్యాకెట్‌లో 85 శాతం ఉండాలన్న నిబంధన 2016 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చినప్పుడు కంపెనీలు ఉత్పత్తి ఆపేశాయి. మా వాడకు ఆకు రాలేదు, తంబాకు రాలేదు. మా అమ్మ, పక్కింటి అత్త, వాళ్ళ కోడలు ధర్నాకు పోయారు. మే 4న సుప్రీంకోర్టు నిబంధన పాటించాల్సిందేనంది. మళ్ళీ చాటలు ఒళ్ళోకి వచ్చాయి. ధర్నాలో నిలబడింది ఆడవాళ్ళు, మిగిలిన రోజుల్లో కూలీ రేటు మాట్లాడేటప్పుడు మాత్రం వాళ్ళను ఎవరూ పిలవలేదు. వాళ్ళది ఉత్త అమాయకత్వమని నేననను. ఆ పూట కూలీ లేకపోతే పొయ్యి వెలగదని వాళ్ళకు తెలుసు, అందుకే పోయారు.

ఆడవాళ్ళ పేరును ముందు నిలబెట్టడం పాత విద్య. 1674లో లండన్‌లో కాఫీకి వ్యతిరేకంగా ‘స్త్రీల విజ్ఞప్తి’ అని ఒక కరపత్రం అచ్చయింది. మగవాళ్ళు కాఫీ హౌసుల్లో కూర్చుని ఇళ్ళు మరిచిపోతున్నారని దాని ఫిర్యాదు. అది ఆడవాళ్ళే రాశారా అన్నది చరిత్రకారుల అనుమానం. 1908 జనవరిలో న్యూయార్క్ నగరం ఆడవాళ్ళను బహిరంగంగా పొగ తాగనివ్వకూడదని హోటళ్ళ యజమానులకు నిబంధన పెట్టింది. మర్నాడే కేటీ మల్కాహీ అనే యువతిని పట్టుకుని అయిదు డాలర్ల జరిమానా వేశారు. మేయర్ ఆ నిబంధనను తిరస్కరించడంతో అది నిలవలేదు. 1929 ఈస్టర్ ఆదివారం అదే నగరంలో యువతులు సిగరెట్లు వెలిగించి నడిచారు, వాటిని ‘స్వేచ్ఛా కాగడాలు’ అన్నారు. వెనక ఉన్నది అమెరికన్ టొబాకో కంపెనీ కోసం పనిచేసిన ఎడ్వర్డ్ బెర్నేస్. అక్కడ తాగే ఆడది స్వేచ్ఛకు బొమ్మ, ఇక్కడ చుట్టే ఆడది జీవనోపాధికి బొమ్మ. రెండుచోట్లా సరుకు అమ్ముకునేవాడు మరొకడు.

2015లో తెలంగాణ ప్రభుత్వం బీడీ కార్మికులకు నెలకు వెయ్యి రూపాయల భృతి మొదలుపెట్టి, 2019లో 2,016 చేసింది. 2014 ఫిబ్రవరి నాటికి పీఎఫ్ ఖాతా ఉండాలన్న మెలికతో ఎందరో బయటే ఉండిపోయారు. (ఇక్కడా మళ్ళీ ‘బయట’.) మా అమ్మకు వచ్చింది. వేళ్ళు వంగడం మానేశాక ఆమె చాట అటక మీద పెట్టింది. కోడళ్ళ చేతికి ఇవ్వలేదు, ఎందుకని అడిగితే వాళ్ళు చేయమన్నారంది.

అట్టముక్క పెట్టిన పదిరోజులకు మా అమ్మను ఆ హోటల్‌కు తీసుకెళ్ళాను. రానంది, ఎవరన్నా చూస్తారంది, చివరికి కొంగు తలమీదికి లాక్కుని బల్ల కొసన కూర్చుంది. అట్టముక్క అప్పటికి వానకో మంచుకో వంకరపోయి, దాని కింద ఇద్దరు బీడీలు తాగుతున్నారు. హోటలాయన లోపల్నుంచి చూసి ఏమీ అనలేదు. నేను లేచి వాళ్ళతో మాట్లాడబోతే అమ్మ నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. ఎదుటి మనిషి వేళ్ళ మధ్య ఉన్న బీడీని కాసేపు కళ్ళు చికిలించి చూసింది.

“మూతి సక్కగ మడవలే. గిది ఏరి పడెయ్యాల్సిన బీడీ, ఎట్ల పాసైందో” అని, చాయ్ సాసర్లో పోసుకుంది.