జాతీయ ఆరోగ్య మిషన్: నిర్మాణం, నిర్వహణ

రాజ్యాంగం ఏడవ షెడ్యూలు ప్రకారం ప్రజారోగ్యం, పారిశుద్ధ్యం, ఆసుపత్రులు రాష్ట్ర జాబితాలోని అంశాలు. అందువల్ల ఆసుపత్రుల నిర్వహణ, సిబ్బంది నియామకం ప్రధానంగా రాష్ట్ర ప్రభుత్వాల బాధ్యత. కేంద్రం జాతీయ లక్ష్యాలను, ప్రమాణాలను నిర్దేశించి నిధులలో వాటా సమకూరుస్తుంది. ఈ రెండు స్థాయిలను కలిపే ప్రధాన వ్యవస్థ జాతీయ ఆరోగ్య మిషన్. 2005 ఏప్రిల్ 12న ప్రారంభమైన జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్, 2013లో పట్టణ విభాగం కూడా చేరడంతో ఈ రూపం పొందింది.

మూడు అంచెల సేవలు

మైదాన ప్రాంతాలలో 5,000 జనాభాకు ఒక ఉపకేంద్రం, 30,000కు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, 1,20,000కు 30 పడకల సామాజిక ఆరోగ్య కేంద్రం ఉండాలన్నది ప్రమాణం. గిరిజన, కొండ ప్రాంతాలలో ఇది వరుసగా 3,000, 20,000, 80,000. గ్రామస్థాయిలో సుమారు 1,000 జనాభాకు ఒక ఆశా కార్యకర్త ప్రజలకూ, ఈ కేంద్రాలకూ మధ్య వారధిగా పనిచేస్తారు. 2018 నుండి ఉపకేంద్రాలను, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలను రక్తపోటు, మధుమేహం వంటి వ్యాధుల పరీక్షలు కూడా నిర్వహించే విధంగా ఉన్నతీకరిస్తూ వచ్చారు. 2023లో వీటికి ఆయుష్మాన్ ఆరోగ్య మందిరాలని పేరు పెట్టారు.

పాలన, నిధులు

జాతీయ స్థాయిలో మిషన్ మార్గదర్శక బృందానికి కేంద్ర ఆరోగ్య మంత్రి, రాష్ట్ర ఆరోగ్య మిషన్‌కు ముఖ్యమంత్రి అధ్యక్షత వహిస్తారు. జిల్లాల అవసరాల ఆధారంగా రాష్ట్రం కార్యక్రమ అమలు ప్రణాళికను రూపొందించి కేంద్రానికి సమర్పిస్తుంది. ఆమోదం లభించిన పనులకు నిధులు రాష్ట్ర ఆరోగ్య సొసైటీ ద్వారా జిల్లాలకు చేరతాయి. 2015-16 నుండి కేంద్ర, రాష్ట్ర వాటాలు 60:40 నిష్పత్తిలోనూ, ఈశాన్య, హిమాలయ రాష్ట్రాలకు 90:10 నిష్పత్తిలోనూ ఉన్నాయి. ఆసుపత్రుల స్థాయిలో రోగి కల్యాణ సమితులు పనిచేస్తాయి. తెలుగు రాష్ట్రాలలో వీటిని ఆసుపత్రి అభివృద్ధి సంఘాలుగా వ్యవహరిస్తారు.

కీలకమైన అంచె

జనాభా ప్రమాణం మేరకు భవనాలు ఉన్నంత మాత్రాన సేవ పూర్తి కాదు. అత్యవసరంగా శస్త్రచికిత్స ద్వారా ప్రసవం జరపవలసి వచ్చినపుడు ప్రసూతి వైద్యులు, మత్తు వైద్యులు, రక్త నిల్వ ఒకే సమయంలో అందుబాటులో ఉండాలి. వీటిలో ఏ ఒక్కటి లోపించినా గర్భిణిని జిల్లా ఆసుపత్రికి తరలించవలసి వస్తుంది. విలువైన సమయం ప్రయాణంలో గడచిపోతుంది. 2005 ఆగస్టులో హైదరాబాదులో ప్రారంభమైన 108 సేవ తరహా అంబులెన్సులు తదనంతరం మిషన్ తోడ్పాటుతో అనేక రాష్ట్రాలకు విస్తరించడంతో తరలింపు సులభతరమైంది. అయితే గ్రామీణ సామాజిక ఆరోగ్య కేంద్రాలలో నిపుణ వైద్యుల కొరతను కేంద్ర ఆరోగ్య శాఖ గణాంకాలే ఏటేటా వెల్లడిస్తున్నాయి. కనుక ఒక జిల్లాలో సేవల స్థితిని అంచనా వేసేటపుడు కేంద్రాల సంఖ్యతో పాటు భర్తీ అయిన నిపుణుల పోస్టులను కూడా పరిశీలించవలసి ఉంటుంది.