నానమ్మ ఎందుకు ఆగుతుంది? ఇరుకు వెన్ను ఆపరేషన్ కథ

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో నుంచి చైతన్యపురి వైపు మా నానమ్మతో నడిస్తే కనీసం మూడుసార్లు ఆగాలి. "కాళ్లు గుంజుతున్నయ్ బిడ్డా, జరసేపు" అని ఏదో ఒక షాపు మెట్ల మీద కూర్చుంటుంది. రెండు నిమిషాలకి మళ్లీ మామూలే. అదే సూపర్ మార్కెట్‌లో ట్రాలీ మీద వంగి తోసుకుంటూ ఎంతసేపైనా తిరుగుతుంది! చాలా రోజులు నేనిది నాటకం అనుకున్నా. ఇప్పుడు సిగ్గేస్తోంది.

దీన్ని స్పష్టంగా ఒక జబ్బుగా చూపించింది నెదర్లాండ్స్‌లోని యుట్రెక్ట్‌లో పనిచేసిన న్యూరోసర్జన్ హెంక్ వెర్బీస్ట్. 1954లో ఏడుగురు పేషెంట్ల గురించి రాశాడు. పడుకోబెట్టి చూస్తే పెద్దగా ఏమీ దొరకదు, నిలబడినా నడిచినా కాళ్లు లాగేస్తాయి. నడుము దగ్గర నరాలు వెళ్లే వెన్ను గొట్టమే ఇరుకు అన్నాడాయన. ఆయన రాసింది ఎదుగుదలలోనే వచ్చిన ఇరుకు గురించి. మా నానమ్మది వయసుతో వచ్చింది: డిస్క్ అణిగిపోయి, కీళ్లు ఉబ్బి, లోపలి లిగమెంట్ మందమైపోయి. నిటారుగా నిలబడితే గొట్టం ఇంకా బిగుస్తుంది, వంగితే కాస్త తెరుచుకుంటుంది. ట్రాలీ రహస్యం ఇంతే!

ఆపరేషన్ పేరు లామినెక్టమీ. వెనకవైపు ఎముక కప్పు తీసి నరాలకి చోటివ్వడం.

మాది ఎల్‌బీనగర్ దాటి విజయవాడ హైవే మీద పోతే వచ్చే నల్గొండ వైపు ఊరు. అందుకే నాకు మొదట వచ్చిన డౌటు ఫ్లోరైడ్ నీళ్ల మీదే. 1937లోనే షార్ట్ బృందం నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్ గురించి రాసింది. హైదరాబాద్ న్యూరోసర్జన్ డాక్టర్ డి. రాజారెడ్డి, ఫ్లోరైడ్ వెన్నునీ నరాలనీ ఏం చేస్తుందో ఏళ్ల తరబడి స్టడీ చేశారు. (ఆయన పాత నాణేల మీద కూడా పుస్తకాలు రాశారు, అది వేరే ఎపిసోడ్.) ఫ్లోరోసిస్‌లో ఎముక పెరిగి, లిగమెంట్లు ఎముకలా గట్టిపడి, ముఖ్యంగా మెడ దగ్గర గొట్టం మూసుకుపోతుంది. అక్కడా ఎముక తీసి నరాలకి చోటివ్వడమే, కానీ ఆ గట్టి ఎముకతో పని చాలా కష్టం. మా నానమ్మ ఎమ్మారై చూసి డాక్టర్ "ఇది అది కాదు, వయసే" అన్నారు.

అసలు తలనొప్పి తర్వాత. ఒకచోట స్క్రూలు, రాడ్లు కూడా వేయాలన్నారు. ఇంకోచోట ఇరుకు తీస్తే చాలన్నారు. ఖర్చులో తేడా చూసి నాన్న రాత్రంతా నిద్రపోలేదు. నేను వెతికితే 2016లో వచ్చిన స్వీడన్ స్టడీ దొరికింది: 247 మంది, రెండేళ్ల తర్వాత చూస్తే స్క్రూలతో ఫ్యూజన్ కూడా చేయించుకున్నవాళ్లకి అదనంగా లాభం కనపడలేదు. వెన్నుపూస బాగా కదులుతుంటే లెక్క వేరు. మా నానమ్మకి అలా లేదని రెండో డాక్టర్ ఎక్స్‌రేలో చూపించారు. మూత్రం మీద పట్టు పోతే మాత్రం ఒక్కరోజు కూడా ఆగొద్దని కూడా చెప్పారు.

వచ్చే నెల డేట్ ఇచ్చారు. నానమ్మ అడిగింది ఒక్కటే: "సాయిబాబా గుడి దాకా ఆగకుండా పోతనా సారూ?"

"నడక మెరుగవుతుందమ్మా. నడుము నొప్పి మొత్తం పోతుందని మాత్రం మాటివ్వలేను," అన్నారాయన.

"నడిస్తే చాలు," అంది.