మరుపుకు ఊరు కాసిన కాపలా

ఒకప్పుడు తెలుగు ఇళ్లలో పాల లెక్క ఎవరి తలలోనూ ఉండేది కాదు, వంటింటి గోడ మీద ఉండేది. పాలు పోయించుకున్న ఇల్లాలు బొగ్గుతోనో సుద్దతోనో ఒక గీత గీసేది, నెలాఖరుకు గీతలు లెక్కపెట్టి డబ్బులిచ్చేవారు. ఉతుకుకు వేసిన బట్టలకు చాకలి పద్దు ఉండేది. మరవకూడని పని ఏదైనా ఉంటే కొంగుకు ముడి వేసుకునేవారు. ఎవరి పొలం ఎంత, ఎవరి శిస్తు ఎంత అన్నది కరణం కవిలె కట్టల్లో, తాతగారి తద్దినం ఏ తిథి నాడు పడుతుందన్నది పురోహితుడి పంచాంగంలో ఉండేవి. వీటిని మనం ముచ్చటైన పాత అలవాట్లుగా తలుచుకుంటాం. నేను మాత్రం వీటిని మరుపు చరిత్రకు సాక్ష్యాలుగా చదువుతాను. సంసారం నడుపుతున్న మనిషి మరచిపోతాడని ముందే ఒప్పుకున్న సమాజం చేసుకున్న ఏర్పాట్లివి. ఇవాళ నలభై అయిదేళ్లవాళ్లకు తాళంచెవి ఎక్కడ పెట్టారో గుర్తురాదు, ఎదురుపడిన మనిషి పేరు నోటిదాకా వచ్చి ఆగిపోతుంది, దాంతో తమ బుర్రకేదో అయిందని బెంగపెట్టుకుంటున్నారు. ఆ వయసులో బుర్రలో కొంత మార్పు వచ్చేమాట నిజమే. అయితే అంతకన్నా ఎక్కువ మార్పు ఆ బుర్రకు ఆసరాగా నిలిచిన ఏర్పాట్లలో వచ్చిందని నా వాదన.

దీనికి వెంటనే ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది: వేదాలకు వేదాలే కంఠస్థం చేసినవాళ్లు, శతావధానాలు చేసినవాళ్లు పుట్టిన నేల ఇది, పాతతరం ధారణ ముందు మనదెంత? ఆ ధారణ ఎలా నిలిచిందో దగ్గరగా చూస్తే జవాబు అక్కడే దొరుకుతుంది. వేదపాఠానికి సంహిత, పద, క్రమ, జట, ఘన అని అంచెలున్నాయి. మంత్రంలోని పదాలకు అంకెలు వేసుకుంటే, ఘనపాఠంలో ఒకటి రెండు, రెండు ఒకటి, ఒకటి రెండు మూడు, మూడు రెండు ఒకటి, మళ్లీ ఒకటి రెండు మూడు అని చెప్పి, ఆ తర్వాత రెండో పదం నుంచి ఇదే వరస మొదలుపెట్టాలి. ముందుకూ వెనక్కూ ఇన్నిసార్లు తిప్పితే ఒక్క అక్షరం జారినా, ఒక్క స్వరం తప్పినా బయటపడిపోతుంది. పైగా అది పసితనంలో మొదలై, గురువు ఎదుట, తోటివాళ్ల గొంతుల మధ్య, ఏళ్ల తరబడి సాగే చదువు. మనిషి జ్ఞాపకాన్ని పూర్తిగా నమ్మినవాళ్లు దానికి ఇంత పహరా పెట్టరు. ఘనపాఠం జ్ఞాపకశక్తికి ఎంత గొప్ప నిదర్శనమో, మరుపు పట్ల మనవాళ్లకున్న భయానికీ అంత గొప్ప నిదర్శనం.

అవధానం విషయమూ అంతే. అష్టావధానంలో నిషిద్ధాక్షరి, సమస్య, దత్తపది, వర్ణన వంటి అంశాలు ఇచ్చే పృచ్ఛకుల మధ్య ఒకరిని కేవలం అడ్డు తగలడానికే కూర్చోబెడతారు. అప్రస్తుత ప్రసంగం ఆయన పని. మధ్యలో మోగే గంటలు లెక్కపెట్టడం మరో అంశం. మరుపు ఎక్కడినుంచి వస్తుందో ఆ ప్రక్రియను తీర్చిదిద్దినవాళ్లకు బాగా తెలుసు. మనసు చెదిరిన చోట మాట నిలవదు. అందుకే చెదరగొట్టేవాడినే పరీక్షలో భాగం చేశారు. అంత కష్టమైన పరీక్షలోనూ చివర పద్యాలన్నీ వరసగా అప్పజెప్పే అవధానికి ఛందస్సు ఆసరా ఉంది. యతి, ప్రాస తప్పిన పాదం తన తప్పును తానే పట్టిస్తుంది. 19వ శతాబ్ది చివర ఈ విద్యను ఊరూరా ఉర్రూతలూగించిన దివాకర్ల తిరుపతి శాస్త్రి, చెళ్లపిళ్ల వేంకట శాస్త్రి జంటగా అవధానాలు చేశారన్నదీ ఇక్కడ గుర్తుంచుకోవాలి. తాళంచెవికీ కరెంటు బిల్లు గడువుకూ యతిప్రాసలు లేవు, అప్పజెప్పే సభ లేదు. అవధాని ధారణతో ఇంటి మనిషి మరుపును పోల్చడం న్యాయం కాదు.

పండితుల లోకం దాటి తెలంగాణ పల్లెలకు వస్తే ఈ చరిత్ర మరింత స్పష్టంగా కనిపిస్తుంది. అక్కడ ఒక కులం గోత్రాలను, పుట్టుపూర్వోత్తరాలను, పురాణాన్ని గుర్తుపెట్టుకునే బాధ్యత ఆ కులాన్ని ఆశ్రయించిన మరో కులానిది. పద్మశాలీల మార్కండేయ పురాణం, భావనారుషి కథ కూనపులివాళ్ల దగ్గర ఉండేవి. ముదిరాజుల కథ కాకిపడగలవాళ్లు చెప్పేవారు, కాపుల, రెడ్ల గోత్రాలు పిచ్చుకుంట్లవాళ్లు చెప్పేవారు. వాళ్లూ అంతా తలలో మోయలేదు. కూనపులి, కాకిపడగల వంటివాళ్ల కోసం చేర్యాల నకాషీ చిత్రకారులు గజాల కొద్దీ గుడ్డ మీద కథను గడులు గడులుగా రాసి పటం చేసి ఇచ్చేవారు. ఆ పటం విప్పుతూ, గడి తర్వాత గడి చూపిస్తూ పాడితే కథ వరస తప్పదు. చూసేవాళ్లకు అది బొమ్మ, పాడేవాడికి ఆనవాలు. మగ్గం మీద కూర్చున్న నేతగాడు తన పురాణం తాను మోయనక్కర్లేదు. కథకులు ఊరికి వచ్చినప్పుడు విని, వాళ్లకు రావలసిన త్యాగం ముట్టజెబితే చాలు. గుర్తుపెట్టుకోవడం ఒక పని, దానికి ప్రతిఫలం ఉంది. ఈ ఒక్క విషయాన్ని మనం ఎంత తేలిగ్గా పోగొట్టుకున్నామో తలుచుకుంటే నాకు బాధ కలుగుతుంది.

అయితే ఇదంతా స్వర్ణయుగం కాదు, అలా చెప్పడం అబద్ధమవుతుంది. ఆశ్రిత కులాల జ్ఞాపకానికి విలువ ఇచ్చిన ఊరే వాళ్లను ఊరి అంచున ఉంచింది. చాటింపు వేసి ఊరందరికీ గుర్తుచేసినవాడు చాలాచోట్ల వెట్టివాడు. కరణం కవిలె రైతు లెక్కను కాపాడిన చోట కాపాడింది, ముంచిన చోట ముంచింది. వంశపారంపర్యంగా వచ్చిన కరణాల పదవులను 1984లో ఎన్టీ రామారావు ప్రభుత్వం రద్దు చేస్తే ఊపిరి పీల్చుకున్నవాళ్లు ఎందరో. ఆ వ్యవస్థ తిరిగి రావాలని నేను కోరను. నేనడిగేది వేరు. అది పోతూ పోతూ వదిలిన బరువు ఎవరి మీద పడింది?

అది నడివయసు మీద పడింది. పిల్లల ఫీజులు, తల్లిదండ్రుల మందులు, బ్యాంకు వాయిదాలు, పాస్‌వర్డులు, ఆఫీసు గడువులు, బంధువుల పెళ్లి తేదీలు ఇప్పుడు ఒకరిద్దరి తలల్లో కూర్చున్నాయి. 1999లో అమెరికాలో డెనిస్ పార్క్ బృందం ప్రచురించిన పరిశోధన ఈ సంగతిని బాగా పట్టి చూపింది. 34 నుంచి 84 ఏళ్ల మధ్య వయసున్న 121 మంది కీళ్లవాతం రోగులు మందులు వేళకు వేసుకుంటున్నారో లేదో, సీసా మూత తీసిన ప్రతిసారీ నమోదయ్యే పరికరంతో నాలుగు వారాలు గమనించారు. పరీక్షల్లో జ్ఞాపకశక్తి మెరుగ్గా తేలిన నడివయసువాళ్లే ఎక్కువగా తప్పారు, ముసలివాళ్లు తక్కువగా తప్పారు. తీరిక లేని బతుకు ముసలితనం కన్నా గట్టిగా దెబ్బకొట్టింది. ఇది అమెరికా ముచ్చట కదా అనవచ్చు. కానీ మందు వేళ తప్పించే హడావుడి హైదరాబాదులోనూ విజయవాడలోనూ తక్కువేమీ లేదు.

ఇంతకన్నా బలమైన అభ్యంతరం లండన్ నుంచి వస్తుంది. 7,000 మందికి పైగా బ్రిటిష్ ప్రభుత్వోద్యోగులను పదేళ్లు పరీక్షించిన వైట్‌హాల్ అధ్యయనం 2012లో ఒక మాట తేల్చింది: 45–49 ఏళ్లవాళ్లలోనే ఆ పదేళ్లలో తర్కశక్తి 3.6 శాతం తగ్గింది, జ్ఞాపకమూ కొంత తగ్గింది. దీన్ని కాదనలేం. అయితే అదే అధ్యయనంలో పదసంపద తగ్గలేదు. పైగా తర్కంలో పదేళ్లకు 3.6 శాతం తగ్గితే, రోజుకు మూడుసార్లు ఫోను వెతుక్కోవడానికి అదొక్కటే కారణమని చెప్పడం కష్టం. మరుపు నడివయసుతో మొదలయ్యేదీ కాదు. జర్మనీలో హెర్మాన్ ఎబ్బింగ్‌హౌస్ ముప్పై ఏళ్ల ప్రాయంలో అర్థంలేని అక్షరాలను వల్లెవేసి తన మీద తానే ప్రయోగం చేసుకుని, 1885లో ఫలితాలు అచ్చువేశాడు. ఒక రోజు గడిచేసరికి తిరిగి నేర్చుకోవడంలో మొదటి శ్రమలో మూడో వంతు మాత్రమే కలిసొచ్చింది. మరచిపోవడం ఆరోగ్యంగా ఉన్న యువకుడి బుర్ర కూడా రోజూ చేసే పని.

ఫోను ఉండగా ఈ బరువేమిటని మరికొందరంటారు. రాత వస్తే జనం మతిమరుపువాళ్లవుతారని ప్లేటో కాలంలోనే రాశారు, కనుక ఫోను జ్ఞాపకాన్ని చంపుతుందన్న గగ్గోలులో నేను చేరను. నాకు కనిపించే తేడా వేరు. గోడ మీది గీత ఇంటిల్లిపాదికీ కనిపించేది. అమ్మ మరచినా కూతురు గీసేది, పాలమనిషే గుర్తుచేసేవాడు. ఫోనులో రాసుకున్నది ఒక్కరి జేబులో తాళం వేసి ఉంటుంది. అదీగాక, గుర్తుచేసే ఆ యంత్రమే రోజంతా అప్రస్తుత ప్రసంగం చేస్తూ ఉంటుంది.

పాత సమాజానికి చేతకానిది ఒకటుంది. మామూలు మరుపునూ జబ్బునూ వేరుచేయడం దానికి తెలియదు, రెంటినీ చాదస్తమని సరిపెట్టుకుంది. 1906లో ఆలోయిస్ అల్జైమర్ వైద్యులకు వివరించిన రోగి ఆసుపత్రిలో చేరేనాటికి 51 ఏళ్ల స్త్రీ, కాబట్టి నడివయసులో అల్జైమర్ జబ్బు రాదని ధైర్యం చెప్పలేం. 1962లో క్రాల్ అనే వైద్యుడు గీసిన గీత ఇప్పటికీ పనికొస్తుంది: పెళ్లికి వెళ్లినట్టు గుర్తుండి, పెళ్లికొడుకు పేరు రాక, మర్నాడు అదే తట్టడం ఒక రకం. పెళ్లికి వెళ్లిన సంగతే పోవడం మరో రకం. రెండోది కనిపిస్తే వైద్యుడి దగ్గరకు వెళ్లాలి. మొదటిదాని వెనకా థైరాయిడ్ లోపం, బి12 లోపం, నిద్రలేమి, దిగులు ఉండవచ్చు, ఇవి చికిత్సకు లొంగుతాయి. ముట్లుడిగే దశలో స్త్రీలకు కొత్తది గుర్తుపెట్టుకోవడం కాస్త మందగించి, ఆ దశ దాటాక మళ్లీ గాడిన పడుతుందని 2,362 మంది అమెరికన్ మహిళలపై జరిగిన అధ్యయనం 2009లో చూపింది. సరిగ్గా ఆ ఏళ్లలోనే ఇంటి జ్ఞాపకమంతా ఆమె మీద ఉంటుంది. ఆమె రక్తపరీక్షలు చేయించడం అవసరమే. ఇంట్లో ఎవరి మందు ఎప్పుడో, ఏ బిల్లు గడువు ఏనాటికో ఆమె తప్ప ఎవరూ ఎందుకు గుర్తుపెట్టుకోవడం లేదని భర్తనూ పిల్లలనూ అడగడం కూడా అంతే అవసరం.