నాలుగు అంగుళాల గొట్టం

మొన్న శనివారమంతా పక్కింటి పెద్దాయన గ్యారేజీలో గడిపాను. మా ఆవిడ దృష్టిలో అది పని ఎగ్గొట్టడం, నా దృష్టిలో చరిత్ర పరిశోధన. ఆయన మనవడి కోసం 1957 నాటి షెవీ ఇంజను, 283 క్యూబిక్ ఇంచులది, బాగుచేస్తున్నాడు. ఆ కథ చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

ఇంజను బలం అది పీల్చుకునే గాలి మీద ఆధారపడి ఉంటుంది. ఇంజను నడపకుండానే ఆ గాలిని కొలిచేది ఫ్లో బెంచ్. ఒక పెట్టె మీద సిలిండర్ హెడ్ బిగించి, వాల్వుని కొంచెం కొంచెంగా తెరుస్తూ, కింద నుంచి మోటార్లతో గాలి లాగి ఎంత వస్తోందో చూస్తారు. ఇంగ్లండులో హారీ వెస్లేక్ ఇలాంటి కొలతలతోనే పేరు తెచ్చుకున్నాడు. 1948లో వచ్చిన జాగ్వార్ ఎక్స్‌కే ఇంజను హెడ్‌లో ఆయన చెయ్యి ఉంది. ఇక్కడ 1972లో మొదలైన సూపర్‌ఫ్లో కంపెనీ వాటిని చిన్న షాపులదాకా తెచ్చింది. అవీ కొనలేనివాళ్ళు వాక్యూమ్ క్లీనర్ మోటార్లు, ప్లైవుడ్, నీళ్ళు నింపిన ప్లాస్టిక్ గొట్టాలతో సొంతంగా కట్టుకున్నారు. నీటిమట్టాల్లో 28 అంగుళాల తేడా దగ్గర కొలవడం ఆనవాయితీ అయింది. అంటే చదరపు అంగుళానికి దాదాపు ఒక పౌను ఒత్తిడి, అంతే.

అసలు చిక్కు హెడ్‌కీ పెట్టెకీ మధ్య ఉంది. ఇంజనులో వాల్వు సిలిండర్ గోడని ఆనుకున్నట్టే తెరుచుకుంటుంది, ఆ గోడ గాలికి అడ్డం పడుతుంది. బెంచి మీద గోడ దూరంగా ఉంటే గాలి నాలుగువైపులా హాయిగా పోతుంది, అంకె అబద్ధం చెబుతుంది. అందుకని సిలిండరు వ్యాసమే ఉన్న గొట్టం ఒకటి మధ్యలో పెట్టాలి. తేడా అంగుళంలో పదహారో వంతు దాటకూడదంటారు.

అన్నట్టు, మేముండేది డేటన్‌లో. 1901లో రైట్ సోదరులు ఇక్కడే సైకిల్ షాపులో ఆరడుగుల చెక్కపెట్టెతో విండ్ టన్నెల్ చేశారు. గ్లైడర్ లెక్కకు తగినట్టు పైకి లేవట్లేదు. పద్దెనిమిదో శతాబ్దం నుంచి అందరూ వాడుతున్న 0.005 అనే గుణకం తప్పని, అసలు విలువ 0.0033 దగ్గర ఉండాలని తేల్చుకున్నారు. రెక్కల ఆకారాలు తూచే త్రాసులని రంపపు బ్లేడు ముక్కలతో, సైకిల్ చువ్వలతో చేసుకున్నారు. విజయవాడ ఆటోనగర్‌లో లేతు నడిపిన మా నాన్న వింటే మురిసిపోయేవాడు.

సరే, గ్యారేజీకి వద్దాం. పెద్దాయన నాలుగంగుళాల పీవీసీ గొట్టం కోసి, రెండు చివర్లా చెక్క పలకలు బిగించాడు. 1962లో వచ్చిన 327కి, 1967లో వచ్చిన 350కి అది దేవుడిచ్చిన గొట్టం. వాటి బోరు సరిగ్గా నాలుగంగుళాలు, ఈ గొట్టం లోపలి వ్యాసం లెక్కప్రకారం 4.026. ఆయన పోర్టులు అరగదీసిన హెడ్‌కి అంకె బ్రహ్మాండంగా వచ్చింది. మార్కర్‌తో హెడ్ మీదే రాసేసి, మనవడికి ఫోన్లో చెప్పేశాడు కూడా.

నాకేమో అన్ని వేరియబుల్సూ అడిగే ఉద్యోగ రోగం. "మీ ఇంజను బోరెంత?" అన్నాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. వెర్నియర్ తెచ్చి కొలిచాం. 3.875. గొట్టం దాదాపు ఆరింట ఒక వంతు అంగుళం పెద్దది.

ఆ కొలతకి గొట్టం దొరకదు. దాదాపు రెండు మిల్లీమీటర్ల మందం ప్లాస్టిక్ షీటుని చుట్టలా చుట్టి లోపల దూర్చాం. రెండువైపులా కలిపి తేడా సరిపోయింది. అతుకు లోపలికి పొడుచుకు రాకుండా చూడటానికే గంట పట్టింది. మళ్ళీ కొలిచాం. వాల్వు కొంచెం తెరిచినప్పుడు పెద్ద తేడా లేదు. పూర్తిగా తెరిచేసరికి అంకె స్పష్టంగా పడిపోయింది.

పెద్దాయన పాత అంకె తుడిచేసి కొత్తది రాశాడు. ఫోన్ తీసుకుని పెరట్లోకి వెళ్ళాడు.