కృష్ణా డెల్టాలో సముద్రతీర విడిది

ఊరూ పనీ కొన్నాళ్లు పక్కనపెట్టి, ఆరోగ్యం కోసమో ఉల్లాసం కోసమో పుణ్యస్నానం కోసమో జనం బందరు (మచిలీపట్నం), దివిసీమ తీరాలకు వచ్చి గడిపే అలవాటుకు నాలుగు శతాబ్దాల చరిత్ర దొరుకుతుంది. అయితే ఇటలీ తీరంలోలా సముద్రపు అంచునే విలాస భవనం కట్టుకుని నెలల తరబడి ఉండే పద్ధతి ఇక్కడ నాటుకోలేదు. డబ్బు లేక కాదు. పదిహేడో శతాబ్దంలో గోల్కొండ రాజ్యానికి ప్రధానమైన రేవు బందరే, ఆసియాలో పేరున్న వర్తకులెందరో అక్కడ ఇళ్లు పెట్టారు. అడ్డం వచ్చింది నేల, నీరు, గాలి.

ఇటలీ సంగతి ముందు చెప్పుకోవాలి, ఎందుకంటే ఆ తీరానికీ మన తీరానికీ పాత లావాదేవీ ఉంది. నేపుల్స్ అఖాతం చుట్టూ బాయే, స్టాబియే వంటి చోట్ల రోమన్ ధనికులు రెండు వేల ఏళ్ల కిందటే వేసవి భవనాలు కట్టారు. తిబేరియస్ చక్రవర్తి కాప్రి దీవిలో కొండకొమ్మున మేడ కట్టించుకుని పరిపాలన అక్కడి నుంచే సాగించాడు. అదే క్రీ.శ. మొదటి శతాబ్దంలో గ్రీకు భాషలో రాసిన 'పెరిప్లస్' అనే నౌకాయాన గ్రంథం మసాలియా ప్రాంతంలో సన్నని నూలు బట్ట విస్తారంగా తయారవుతుందని చెప్పింది. మసాలియా అంటే బందరు చుట్టుపట్ల తీరమేనని చరిత్రకారులు గుర్తించారు. తూర్పుదేశపు సరుకుల కోసం రోము బంగారం తరలిపోతోందని బాధపడిన రోమన్ రచయిత పెద్ద ప్లినీ క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం బద్దలైనప్పుడు ఆ మేడల తీరంలోనే, స్టాబియే దగ్గర ప్రాణం విడిచాడు. ఆ విస్ఫోటంలో పూడిపోయిన పాంపేయిలో 1938లో భారతదేశపు దంతపు బొమ్మ ఒకటి బయటపడింది. విలాసం అక్కడిది, ఆ విలాసానికి కావలసిన సరుకుల్లో కొంత మన వైపుది.

రెండు తీరాల నేలలో పోలికే లేదు. నేపుల్స్ దగ్గర కొండ నేరుగా సముద్రంలోకి దిగుతుంది, ఆటుపోట్లు బహు స్వల్పం. కాప్రిలో ఎత్తున ఇల్లు కడితే అల అందుకోలేదు. కృష్ణా డెల్టా నది మోసుకొచ్చిన ఒండ్రుతో ఏర్పడిన పల్లపు నేల. తీరం పొడవునా బురద మేటలు, ఉప్పు కయ్యలు, మడ అడవులు. తీరం కూడా ఒకచోట నిలిచేది కాదు. ఒకప్పుడు రేవుగా వెలిగిన ఘంటసాల ఇప్పుడు సముద్రానికి దూరంగా పొలాల మధ్య ఉంది.

డచ్చివారు 1605లో, ఇంగ్లీషువారు 1611లో బందరులో వర్తకశాలలు తెరిచారు. 1650ల ప్రాంతంలో చూసిన ఫ్రెంచి యాత్రికుడు తావెర్నియే ఇది పెద్ద పట్నమని, ఇళ్లు మాత్రం కర్రతో కట్టినవని రాశాడు. ఊరి చుట్టూ పోటు నీరు ఎక్కే బాడవలు, వాటి మీద చెక్క వంతెనలు. జ్వరాలు ఎక్కువ. అక్కడి డచ్చి సమాధుల తోటలో పదిహేడో శతాబ్దపు రాతి పలకలు ఇప్పటికీ ఉన్నాయి. చెక్కిన అక్షరాలు, వంశ చిహ్నాలు చూస్తే సంపాదన ఎంతో, ఆ సంపాదనకు కట్టిన వెల ఎంతో రెండూ తెలుస్తాయి.

ఆ వర్తకులు విశ్రాంతికి ఎక్కడికి పోయేవారన్న ప్రశ్నకు జవాబు దొరకడం ఈ చరిత్రలో మంచి భాగం. 1673లో బందరు వచ్చిన ఆంగ్ల వైద్యుడు జాన్ ఫ్రయర్, ఇక్కడి గాలి పడక ఇంగ్లీషువారు ఉత్తరాన నలభై మైళ్ల దూరంలో ఉన్న మాధవాయిపాలేనికి మకాం మారుస్తారని, అది ఆరోగ్యకరమైన చోటని రాశాడు. నరసాపురాన్ని ఆనుకుని వశిష్ఠ గోదావరి ఒడ్డున ఉన్న ఊరది. ఈస్టిండియా కంపెనీకి అక్కడ వర్తకశాల ఉండేది, ఆ ఊరి పేరుతోనే ఒక రకం నూలు బట్ట ఐరోపా బజార్లకు ఎక్కింది. సముద్రం ఎదుట కాపురం ఉన్నవారు గాలి మార్పుకు నది ఒడ్డు వెతుక్కున్నారన్నమాట. తెలుగు డెల్టాలో విహార నివాసానికి దొరికే తొలి స్పష్టమైన ఆధారాల్లో ఇదొకటి. మన పర్యాటక పుస్తకాల్లో దీనికి చోటు దక్కకపోవడం అన్యాయం.

అదే దశకంలో గోల్కొండ సుల్తాను అబుల్ హసన్ తానీషా బందరు యాత్ర చేశాడు. దారిలో కూచిపూడిలో విడిది చేసి, అక్కడి భాగవతుల ప్రదర్శనకు మెచ్చి, 1678లో ఆ ఊరిని వారికి అగ్రహారంగా ఇచ్చాడని కూచిపూడి సంప్రదాయం చెబుతుంది. సముద్రం చూడబోయిన రాజు పొలాల మధ్య పల్లెలో ఆగి ఆట చూశాడన్న ఈ కథ, డెల్టాలో ప్రయాణం ఎలా సాగేదో కూడా చెబుతోంది: మజిలీలు, దారిలో ఊళ్లు, రాత్రిళ్లు భాగవతాలు.

తీరంలో మేడల ఆశ ఎందుకు నిలవదో 1864 నవంబరు 1 రాత్రి తేలిపోయింది. తుఫాను తరిమిన ఉప్పెన బందరును ముంచింది. మామూలు పోటు కంటే పదమూడు అడుగులు ఎత్తున లేచిన నీరు పల్లపు దారుల్లో మైళ్ల కొద్దీ లోపలికి చొచ్చుకుపోయింది. సుమారు 30,000 మంది చనిపోయారని అప్పటి లెక్క. ఆ తర్వాత బందరు కోట సైనిక స్థావరంగా మళ్లీ లేవలేదు.

తెలుగువారి సముద్రతీర విడిది మాత్రం ఆగలేదు, ఎందుకంటే దానికి మేడ అక్కర్లేదు. కార్తిక పౌర్ణమికీ మాఘ పౌర్ణమికీ సముద్రస్నానం చేయడం డెల్టా రైతు కుటుంబాలకు పాత ఆచారం. దివిసీమలో కృష్ణ సముద్రంలో కలిసే హంసలదీవికి మాఘ పౌర్ణమినాడు జనం పోటెత్తుతారు. సంగమ స్నానం చేసి వేణుగోపాలస్వామిని దర్శించుకుంటారు. బందరుకు 11 కిలోమీటర్ల దూరంలోని మంగినపూడి రెండో ప్రధాన స్నానఘట్టం. దారిలో చిలకలపూడి దగ్గర భక్త నరసింహం 1929లో ప్రతిష్ఠించిన పాండురంగస్వామి ఆలయం ఉండటంతో కార్తిక పౌర్ణమి యాత్ర ఇంకా పెరిగింది. దత్తరామేశ్వరంలోని పన్నెండు బావుల నీళ్లు పోసుకోవడం కూడా ఆ యాత్రలో భాగమే. మంగినపూడిలో తెల్ల ఇసుక ఉండదు, కాలి కింద నల్లని మెత్తటి మట్టి. తీరం చాలా దూరం లోతు లేకుండా సాగుతుంది కాబట్టి పిల్లలూ ముసలివారూ ధైర్యంగా దిగుతారు.

వెనకటి రోజుల్లో గూడుబండ్లు కట్టుకుని వచ్చేవారు. 1908లో బెజవాడ–బందరు రైలు మార్గం తెరుచుకున్నాక దూరపు ఊళ్లవారూ రాసాగారు, ఇప్పుడు పండగ రోజుల్లో ఆర్టీసీ ప్రత్యేక బస్సులు నడుపుతుంది. తెల్లవారుజామున స్నానం, మూటగట్టిన పులిహోర, తిరుగు దారిలో బందరు లడ్డూ, చిలకలపూడి రోల్డుగోల్డు గాజులు. రాత్రి ఉండవలసివస్తే సత్రం, లేకపోతే బంధువుల ఇల్లు. సముద్రాన్ని అనుభవించే పద్ధతుల్లో ఇది ఏ ఇటలీ విహారానికీ తక్కువది కాదు. పైగా పేదవాడికి కూడా అందుతుంది.

సముద్రం మళ్లీ 1977 నవంబరు 19న దివిసీమ మీద విరుచుకుపడింది. దాదాపు పదివేల మంది చనిపోయారని అధికారిక లెక్క. నాగాయలంక, కోడూరు, అవనిగడ్డ ప్రాంతాల్లో పల్లెలకు పల్లెలే తుడిచిపెట్టుకుపోయాయి. ఆ తర్వాత తీరంలో వచ్చిన ముఖ్యమైన పక్కా కట్టడాలు తుఫాను షెల్టర్లు. 2004 డిసెంబరు 26 పౌర్ణమి, ఆదివారం. మంగినపూడిలో స్నానానికి దిగినవారిని సునామీ అల లాక్కుపోయింది.

తెలుగునాట ఖరీదైన తీర విహారం చివరికి విశాఖపట్నం వైపు పెరిగింది. అక్కడ తూర్పు కనుమలు సముద్రం దాకా వస్తాయి, ఎత్తు మీద ఇల్లు కట్టుకునే వీలుంది. పంతొమ్మిదో శతాబ్దంలోనే వాల్తేరు మెరక మీద దొరలు బంగళాలు వేసుకున్నారు. రుషికొండ బీచ్‌కు 2020లో, పరిశుభ్రమైన తీరాలకు ఇచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది.

కృష్ణా తీరంలో కొత్తగా కట్టేవారికి చట్టం కూడా అడ్డుకట్ట వేస్తుంది. 1991 నాటి తీరప్రాంత నియంత్రణ నిబంధనలు పల్లె తీరాల్లో పోటు గీత నుంచి 200 మీటర్ల లోపు కొత్త నిర్మాణాలను నిషేధించాయి. 2019 నాటి నోటిఫికేషన్ జనసాంద్రత ఎక్కువగా ఉన్న చోట్ల ఆ దూరాన్ని 50 మీటర్లకు తగ్గించింది. ఇటువంటి పల్లపు తీరంలో ఈ సడలింపు ప్రమాదకరం. ఉప్పెన వేగాన్ని తగ్గించే మడ అడవులు కృష్ణా అభయారణ్యంలో ఇంకా ఉన్నాయి, వాటిలో నీటిపిల్లి తిరుగుతుంది. విడిది గృహాల కోసం ఆ మడను నరికితే వెనక ఉన్న ఊళ్లకు కాపు ఉండదు.

మంగినపూడికి దగ్గరలో తపసిపూడి వద్ద 2023 మేలో కొత్త రేవు పనులు మొదలయ్యాయి. 2025 జూన్‌లో మంగినపూడిలో మసులా బీచ్ ఫెస్టివల్ జరిగింది. సెలవు రోజుల్లో విజయవాడ, గుడివాడ కుటుంబాలు ఉదయం బయలుదేరి ఘంటసాల బౌద్ధ స్తూపం, కూచిపూడి చూసుకుని మధ్యాహ్నానికి తీరం చేరి, చీకటి పడకముందే వెనుదిరుగుతున్నాయి. రాత్రి మకాం ఎక్కువగా బందరు లాడ్జీల్లోనే.