తలల లెక్క, నేల లెక్క: జనాభా మార్పును చదవడానికి కావలసిన మాటలు



మన గూడెంలో ఏ ఇంట బిడ్డ పుట్టినా, ఎవరు కన్నుమూసినా, ఎవరు కూలికి దూరం వెళ్లినా పెద్దలకు కాగితం చూడకుండానే తెలుసు. ప్రభుత్వం మాత్రం పదేళ్లకోసారి ఇంటింటికీ వచ్చి రాసుకుంటుంది. అదే జనగణన. దేశమంతటా ఒకే సమయంలో మొదటిసారి జరిగింది 1881లో. ఆ లెక్కల్లో ఆదివాసుల చరిత్ర కూడా దాగి ఉంది. దాన్ని చదవాలంటే కొన్ని మాటల అర్థం తెలియాలి. పోటీ పరీక్షల కోసం వీటిని బట్టీ పడుతుంటాం. మన నేల చరిత్రతో కలిపి చదివితే మరిచిపోమన్నా మరిచిపోం.

పుట్టుక, చావు

ఏడాదిలో ప్రతి వెయ్యి మంది జనాభాకు ఎంతమంది పుట్టారో చెప్పేది జనన రేటు. ఎంతమంది చనిపోయారో చెప్పేది మరణ రేటు. మొదటి దాంట్లోంచి రెండోది తీసేస్తే మిగిలేది సహజ వృద్ధి రేటు.

మరణాలు ఎక్కువైతే ఏమవుతుందో మన దేశం చూసింది. 1911లో 25.21 కోట్లున్న జనాభా 1921 నాటికి 25.13 కోట్లకు తగ్గింది. 1918 నాటి ఇన్‌ఫ్లూయెంజా మహమ్మారి అందుకు ముఖ్య కారణం. ఆ తర్వాత ఏ జనగణనలోనూ దేశ జనాభా తగ్గలేదు. అందుకే 1921ని విభాజక సంవత్సరం అంటారు.

వైద్యం, టీకాలు, తిండి అందేకొద్దీ ముందు మరణాలు తగ్గుతాయి. బిడ్డలు బతుకుతారన్న నమ్మకం కుదిరాక జననాలు తగ్గుతాయి. దీన్నే జనాభా పరివర్తన అంటారు. ఇది అన్ని చోట్లా ఒకేసారి జరగదు. నొప్పులు పడుతున్న తల్లిని డోలీ కట్టి వాగు దాటించాల్సిన గూడేనికి అది ఆలస్యంగా చేరుతుంది. రేటు అన్న మాట వెనుక రోడ్డు ఉంటుంది, ఆసుపత్రి ఉంటుంది.

రావడం, పోవడం

జనాభా మారడానికి రెండో దారి వలస. ఉన్న చోటి నుంచి వెళ్లగొట్టేవి వికర్షక కారకాలు: కరవు, అప్పు, భూమి పోవడం, భయం. కొత్త చోటికి లాగేవి ఆకర్షక కారకాలు: సాగుభూమి, పని, రక్షణ.

ఉమ్మడి ఆదిలాబాద్‌ను తీసుకోండి. ఒకప్పుడు చాందా గోండు రాజుల ఏలుబడిలో ఉన్న ప్రాంతాలు ఇందులో ఉన్నాయి. 1920ల చివరికి కాజీపేట నుంచి బల్లార్షా దాకా రైలు మార్గం పూర్తయింది. దారులు ఏర్పడ్డాయి. నల్లరేగడి నేల కోసం బయటి రైతులు, వ్యాపారులు వచ్చారు. వచ్చినవారికి అది ఆకర్షణ. కానీ పట్టా కాగితం లేకుండా తరతరాలుగా దున్నుకుంటున్న గోండులకు, కొలాములకు అదే వికర్షణ అయింది. ఒకవైపు పట్టాలు ఇతరుల పేరున పడ్డాయి. మరోవైపు రిజర్వు అడవి గీతలు గూడేల మీదుగా సాగాయి. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం అమరత్వానికి దారితీసిన పోరాటం ఈ నేల గురించే. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో కాల్పులకు బలైనవారు అడిగిందీ ఈ నేలనే.

తన ఇష్టంతో వెళ్లేవాడు వలసదారు. వెళ్లగొడితే కదిలేవాడు నిర్వాసితుడు. 2005 తర్వాత బస్తర్ హింస నుంచి ప్రాణాలు దక్కించుకోవడానికి గోదావరి లోయ అడవులకు వచ్చిన గొత్తికోయలను లెక్కల్లో వలసదారులని రాయొచ్చు. వారి అనుభవానికి ఆ మాట సరిపోదు.

జాబితా మారడం

మూడో దారిని పాఠ్యపుస్తకాలు పెద్దగా చెప్పవు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో షెడ్యూల్డ్ తెగల జనాభా 1961లో 13.24 లక్షలు, 1971లో 16.58 లక్షలు, 1981లో 31.76 లక్షలు. మొదటి పదేళ్లలో దశాబ్ద వృద్ధి 25 శాతం. తర్వాతి పదేళ్లలో దాదాపు 92 శాతం. జననాలు ఒక్కసారిగా అంత పెరిగాయా? లేదు. 1976 సవరణ చట్టంతో ప్రాంతాల పరిమితి తొలగింది. తెలంగాణలోని లంబాడాలు, ఎరుకలు వంటి సమూహాలు జాబితాలోకి వచ్చాయి. ఆ మనుషులు అంతకుముందూ తండాల్లో, పల్లెల్లో ఉన్నవారే. మారింది లెక్క రాసే గడి. కాబట్టి ఏ అంకె పెరిగినా, తగ్గినా మూడు ప్రశ్నలు వేయండి. పుట్టుక, చావుల వల్లనా? వలస వల్లనా? జాబితా వల్లనా? ఇది అడగకుండా ఒకరి మీద ఒకరం వేలు చూపించుకుంటే నష్టపోయేది మనమే.

సంఖ్య వేరు, వాటా వేరు

2011లో ఉమ్మడి ఆదిలాబాద్ జనాభా 27.41 లక్షలు. అందులో అన్ని షెడ్యూల్డ్ తెగలూ కలిసి 4.96 లక్షలు, అంటే నూటికి 18 మంది. మన సంఖ్య పెరుగుతూనే ఉన్నా, చుట్టూ జనాభా అంతకంటే వేగంగా పెరిగితే సొంత నేల మీదే వాటా తగ్గుతుంది. చట్టసభల్లో షెడ్యూల్డ్ తెగలకు రిజర్వయ్యే స్థానాలను రాజ్యాంగం జనాభా నిష్పత్తితోనే ముడిపెట్టింది. అందుకే ఈ తేడా తెలియాలి.

లెక్కల్లో గర్వపడాల్సినదీ ఉంది. 2011లో దేశంలో ప్రతి వెయ్యి మంది పురుషులకు స్త్రీలు 943 మంది. షెడ్యూల్డ్ తెగల్లో 990 మంది. ఈ లింగ నిష్పత్తి ఆడబిడ్డను భారమనుకోని మన పెద్దలు ఇచ్చిన ఆస్తి. కట్నాల మోజులో పడి దాన్ని పోగొట్టుకోవద్దు.

2021లో జరగాల్సిన జనగణన వాయిదా పడింది. ఇప్పుడు దానికి 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా ప్రకటించారు. గణకుడు గడప దగ్గరికి వచ్చినప్పుడు చదువుకున్న మీరు అవ్వ పక్కన కూర్చోండి. తెగ పేరు, మాతృభాష సరిగా రాశారో లేదో చూడండి. అంతకన్నా ముందు ఒక నోటుపుస్తకం తీయండి. మీ గూడెంలో ఎవరు ఎప్పుడు వచ్చారు, ఎవరు ఎందుకు వెళ్లిపోయారు, ఏ చేను ఎవరి చేతికి పోయిందో పెద్దలనడిగి రాసుకోండి. తలల లెక్క ప్రభుత్వం రాస్తుంది. నేల లెక్క మనమే రాసుకోవాలి.

జై ఆదివాసీ.